మాతూష్‌కి వేసిన మార్కులు

డిసెంబర్ 15

మాతూష్ వెళ్ళాడు. మా ఆయన ఒరెస్ట్ వాణ్ణి సాస్కటూన్ విమానాశ్రయంలో దింపి వచ్చేసరికి సాయంత్రమైంది. పోనూ రానూ ఆరు గంటల దారి, దారి పొడవునా మంచుదుమ్ము. మైనస్ ముప్పై ఒకటి.

పెట్టె నేనే సర్దాను. వాడి దేశం స్లొవాకియా జూనియర్ హాకీ జట్టు వాళ్ళు పంపిన నీలం కోటు, ఉన్ని సాక్సులు ఎనిమిది జతలు, వద్దు వద్దంటున్నా వినకుండా రెండు డబ్బాల తేనె బిస్కెట్లు. నల్ల కళ్ళద్దాలు మాత్రం వాడే పెట్టుకున్నాడు. డిసెంబర్‌లో స్వీడన్‌లో ఎండెక్కడిదని అడగబోయి ఊరుకున్నాను.

ఇప్పుడు బాగానే ఉన్నాడు. నిన్న బంగాళాదుంప కూరిన పెరోగీలు పదకొండు తిన్నాడు, మీగడ అద్దుకుని మరీ. జబ్బు మనిషి పదకొండు తింటాడా?

గుమ్మం దగ్గర వంగి బూట్ల లేసులు కట్టుకుంటూ, "తేతా, అది మన మధ్యే కదా?" అన్నాడు. వాళ్ళ భాషలో పిన్నిని అలా పిలుస్తారు. మా అమ్మ మాట్లాడిన యుక్రేనియన్‌లోనూ ఇంచుమించు అంతే.

"ఏది?" అన్నాను.

వాడు నవ్వాడు. నేనూ నవ్వాను.

వాడికి ఫ్లూ అని మన ఊరి జట్టు ఫిజియో కెంట్‌తో చెప్పాను. ఈ చలికాలమంతా ఊళ్ళో సగం మందికి ఫ్లూనే. ఎవరికీ చెప్పొద్దని వాడే బతిమాలాడు. ఆ సంగతి ఇక రాయను.

డిసెంబర్ 16

వాడి గది దులిపాను. కిటికీకి అడ్డంగా మేకులు కొట్టిన దుప్పటి తీసేశాను. గదినిండా వెలుతురు పడింది. చేతులు కడుక్కుని కిందికి వచ్చేశాను.

డిసెంబర్ 20

కర్లింగ్ క్లబ్ మేడ మీద గదిలో మా నలుగురి మొదటి సమావేశం. ఇరవై రెండేళ్ళుగా ఇదే గది, ఇదే టీవీ, ఇవే నాలుగు కుర్చీలు. ప్రపంచ జూనియర్ ఐస్ హాకీ పోటీలకి మన ఊరి జట్టు నుంచి ఎవరు వెళ్ళినా, ప్రతి ఆటా చూసి పదికి మార్కులు వేయడం మా పని. మమ్మల్ని ఎవరూ అడగలేదు. అయినా మా మార్కులు వారపత్రికలో పడతాయి, జట్టు మేనేజరు కూడా చదువుతాడు.

గోర్డ్ క్షౌరశాల మూసి ఆరేళ్ళైనా తెల్లకోటు వదల్లేదు. ఆ కోటుతోనే నల్లబల్ల మీద రెండు పేర్లు రాశాడు. రీడ్ హాల్వర్సన్, డిఫెన్స్, కెనడా. మాతూష్ హ్రివ్నాక్, సెంటర్, స్లొవాకియా. ఒకే ఏడాది ఇద్దరు వెళ్ళడం మన ఊరికి ఇదే మొదలు.

"చెప్పండి. పోటీకి ముందు అంచనా. వాసిల్ మావయ్యా, నువ్వు మొదలెట్టు," అన్నాడు గోర్డ్.

వాసిల్ మావయ్యకి ఎనభై ఆరు. నలభై ఏళ్ళు హాకీ ఆటల్లో గీతలు చూసే లైన్స్‌మన్‌గా చేశాడు. చెవులు పనిచేయవు గానీ కళ్ళు డేగకళ్ళే. "రీడ్ ఎద్దు. ఎనిమిది. స్లొవాక్ పిల్లాడికి వెనకాల కూడా కళ్ళున్నాయి. తొమ్మిది," అని అరిచాడు.

"మెల్లగా మావయ్యా, స్వీడన్‌కి వినపడుతుంది," అంది బెవ్. బెవ్ స్కూలు బస్సు నడుపుతుంది. పిల్లలతో తిరిగి తిరిగి ఆమెకి అన్నీ కనిపిస్తాయి.

"ఇంట్లో ఉంచుకుని తిండి పెట్టిన తల్లి ఏమంటుంది?" అని గోర్డ్ నా వైపు తిరిగాడు. "నీ పెంపుడు కొడుక్కి పది వేస్తావా ఏంటి?"

"ఎనిమిదిన్నర," అన్నాను.

"అబ్బో, నిజాయితీ!"

అందరూ నవ్వారు. ఈ పద్నాలుగేళ్ళలో ఊరి జట్టుకి ఆడటానికి బయటి నుంచి వచ్చిన తొమ్మిది మంది ఆటగాళ్ళు మా ఇంట్లో పెరిగారు. మెట్ల గోడ మీద తొమ్మిది ఫోటోలు. ఈ పోటీలకి వెళ్ళింది మాతూష్ ఒక్కడే. జూన్‌లో పెద్ద లీగ్ జట్లు కుర్రాళ్ళని ఏరుకునేటప్పుడు వాణ్ణి మొదటి ముప్పైమందిలో తీసుకుంటారని అందరూ అంటున్నారు. ఆ రోజు టీవీలో వాడి అమ్మ పక్కన నన్ను కూడా చూపిస్తారేమో అని అనుకున్నాను. ఇక్కడ రాస్తున్నాను కాబట్టి ఒప్పుకుంటున్నాను. అనుకున్నాను.

డిసెంబర్ 26

పొద్దున్న ఆరింటికి మొదటి ఆట. స్లొవాకియా వాళ్ళు ఫిన్లాండ్ చేతిలో నాలుగు ఒకటితో ఓడారు.

మాతూష్ మాతూష్‌లా లేడు. రబ్బరు బిళ్ళ, ఆ పక్, మూలకి పోతే వెంటపడి తెచ్చేవాడు, రెండుసార్లు వెనక్కి తగ్గాడు. బెంచి మీద కూర్చున్నప్పుడు కెమెరా వాడి ముఖం చూపించింది. పైనున్న దీపాలని చూడలేక తల వంచుకున్నట్టుంది. నాకు అలా అనిపించిందంతే.

"మూలకి పోవాలంటే అబ్బాయిగారికి భయమేస్తోంది," అన్నాడు గోర్డ్.

"ప్రయాణ బడలిక. ఏడు గంటల తేడా కదా," అన్నాను.

"పదకొండు రోజులైంది వెర్నా అక్కడికి వెళ్ళి!"

అయిదు మార్కులు. రీడ్‌కి తొమ్మిది. కెనడా ఆటలో జర్మనీ కుర్రాణ్ణొకణ్ణి గోడకేసి కొట్టిన కొట్టుడుకి గది గదంతా "హో!" అంది. న్యాయమైన దెబ్బే. రీడ్ తప్పుడు దెబ్బ ఎప్పుడూ కొట్టడు.

డిసెంబర్ 27

మెసేజ్ వచ్చింది. "బాగున్నాను తేతా. మంచు బాగుంది. రోజూ చేపలే." అంతే. బాగున్నానని వాడే రాశాడు.

డిసెంబర్ 28

గోల్ కొట్టాడు!

స్విట్జర్లాండ్ మీద, మూడో పీరియడ్‌లో, ఇద్దరి మధ్య నుంచి దూసుకెళ్ళి గోల్‌కీపరు భుజం మీదుగా. వాసిల్ మావయ్య లేచి నిలబడిపోయాడు. గోర్డ్ నన్ను కావలించుకున్నాడు, కోటుకి ఇప్పటికీ షేవింగ్ సబ్బు వాసన. నేను ఏడ్చాను. ఏమీ లేదు, వాడికి ఏమీ లేదు, ఇదిగో చూడు, అని నాకు నేనే చెప్పుకుంటూ ఏడ్చాను.

తర్వాత ఒకటి జరిగింది. గోల్ కొట్టినవాడు తన బెంచి వైపు వెళ్ళి అందరి చేతులూ తట్టాలి. మాతూష్ అవతలి జట్టు బెంచి దాకా వెళ్ళి ఆగిపోయాడు. స్విస్ కుర్రాళ్ళు నవ్వారు. వ్యాఖ్యాతలు నవ్వారు. "సంతోషం తలకెక్కింది పిల్లాడికి!" అన్నాడు గోర్డ్, అందరూ పగలబడ్డారు.

బెవ్ నవ్వలేదు. నేను నవ్వాను.

ఎనిమిది మార్కులు.

డిసెంబర్ 29

రాస్తే గుండెలో బరువు దిగుతుందేమో. నవంబర్ ఇరవై రెండు.

ఒరెస్ట్ మంచు ఊడ్చే బండి తీసుకుని హైవే మీదికి వెళ్ళాడు. వీధిలో అందరూ క్రిస్మస్ దీపాలు కట్టేశారు, మా ఇల్లొక్కటే బోడిగా ఉంది. "నేను కడతా తేతా," అన్నాడు మాతూష్. నిచ్చెన నేను పట్టుకుంటాలే అన్నాను. కొంతసేపు పట్టుకున్నాను కూడా. ఫోన్ మోగితే లోపలికి వెళ్ళాను. ధబ్బుమని చప్పుడైంది.

వచ్చి చూస్తే సిమెంటు మెట్టు పక్కన వెల్లకిలా పడి ఉన్నాడు. టోపీ ఎగిరి దూరంగా పడింది. కళ్ళు తెరిచి వాళ్ళ భాషలో ఏదో అడిగాడు. నాకు అర్థం కాలేదు. మళ్ళీ అదే అడిగాడు. తర్వాత నవ్వి లేచి కూర్చున్నాడు. తర్వాత మంచులో వాంతి చేసుకున్నాడు.

దాని మీద రెండు పారల మంచు పోశాను నేను.

కుర్రాళ్ళని నిచ్చెనలూ ఇంటికప్పులూ ఎక్కించకూడదని జట్టువాళ్ళ కాగితంలో ఉంటుంది. పద్నాలుగేళ్ళుగా ఏటా దాని కింద సంతకం పెడుతూనే ఉన్నాను.

నాలుగు రోజులు చీకటి గదిలో పడుకున్నాడు. కెంట్ వచ్చాడు. ఫ్లూ అన్నాను. ఎవరికీ చెప్పొద్దు తేతా, నన్ను ఆడనివ్వరు అని వాడే అన్నాడు. వాడి బతుకు, వాడి ఆట. వాడే అన్నాడు.

డిసెంబర్ 30

ఓడారు. ఓటమి గొడవ కాదు.

రెండో పీరియడ్‌లో చెక్ కుర్రాడు భుజంతో అలా తాకాడంతే. ఊళ్ళో పదేళ్ళ పిల్లలు కూడా అంతకంటే గట్టిగా తగులుకుంటారు. మాతూష్ పడిపోయాడు. మోకాళ్ళ మీద లేచి కాసేపు మంచుకేసి చూస్తూ ఉండిపోయాడు.

"నాటకం! ఫ్రీగా పెనాల్టీ కొట్టేద్దామని!" గోర్డ్ సుద్దముక్క విసిరికొట్టాడు. "యూరప్ పిల్లలంతా ఇంతే. పెట్టె సర్దేటప్పుడు గుండెకాయ మర్చిపోతారు."

"నేను చూసిన కుర్రాడు వీడు కాదు," అన్నాడు వాసిల్ మావయ్య. అరవకుండా అన్నాడు.

"మార్కులు చెప్పండి. నాది మూడు."

"నాలుగు," అన్నాడు మావయ్య.

బెవ్ నన్నే చూస్తూ, "నేను వేయను," అంది.

"వెర్నా?"

అయిదన్నా ఆరన్నా వెనకేసుకొస్తున్నానంటారు, ఎందుకని అడుగుతారు. "నాలుగు," అన్నాను.

కారు పార్కింగ్‌లో బెవ్ నా కారు తలుపు పట్టుకుని ఆపింది. ఊపిరి ఆవిరై ముఖాల మధ్య గడ్డకడుతోంది.

"నవంబర్‌లో నీ గిన్నె తిరిగివ్వడానికి వచ్చాను, గుర్తుందా? మిట్టమధ్యాహ్నం ఆ పిల్లాడి గది కిటికీకి దుప్పటి కొట్టి ఉంది."

"ఫ్లూ."

"ఫ్లూకి చీకటెందుకే?"

"చలేస్తోంది బెవ్, తలుపు వదులు."

వదిలింది.

డిసెంబర్ 31

వీడియోలో మాట్లాడాడు. గదిలో దీపం వెయ్యలేదు. సగం ముఖమే కనిపించింది.

"తల నొప్పిగా ఉందా?"

"కొంచెం. అరిచినప్పుడే. అందరూ అరుస్తారు కదా."

"డాక్టర్‌కి చెప్పావా?"

"ఇంకో రెండు ఆటలే తేతా. మూడయితే మెడల్. తర్వాత నెల రోజులు నిద్రపోతా. ఒట్టు."

సరే అన్నాను. నా నోటితో నేనే సరే అన్నాను.

సాయంత్రం తెలిసింది. జనవరి రెండున క్వార్టర్ ఫైనల్, కెనడా స్లొవాకియాల మధ్య. రీడ్, మాతూష్ ఎదురెదురుగా! ఊళ్ళో ఒకటే సందడి. గోర్డ్ రెండు జెండాలూ తెచ్చి మేడ మీద కట్టాడట. ఫోన్ చేసి, "మన ఎద్దు మన పిల్లిని మూలలో పట్టుకుంటే చూడాలి వెర్నా, కుర్చీలు ఎక్కువ వేయిస్తున్నా," అన్నాడు.

రీడ్ బరువు రెండొందల ఇరవై పౌన్లు, వంద కిలోలు.

జనవరి 1

పొద్దున్న కాఫీ పోస్తూ ఒరెస్ట్‌కి చెప్పేశాను. మొత్తం. నిచ్చెన, మెట్టు, వాంతి, పార.

ఒరెస్ట్ కప్పు కింద పెట్టాడు. "నిచ్చెన నేను పెట్టిన చోట లేదు ఆ రోజు. సగం ఇంటికే దీపాలున్నాయి," అన్నాడు.

"తెలిసి అడగలేదేం?"

"నువ్వే చెబుతావనుకున్నా."

ముప్పై ఆరేళ్ళ కాపురంలో ఆయన నన్ను ఎప్పుడూ తిట్టలేదు. ఇప్పుడు తిడితే బాగుండుననిపించింది.

"వాడు చెప్పొద్దన్నాడు ఒరెస్ట్. వాడి ఆట పోతుందని బతిమాలాడు. నేనేం చెయ్యను?"

ఆయన తలెత్తి నావైపు చూశాడు. ఆ చూపు ముందు నా మాట నాకే వినపడింది.

వాడు కాదు.

మెట్టు మీద కూర్చోబెట్టి తల తుడుస్తున్నప్పుడు మొదట అన్నది నేను. "కెంట్‌కి చెప్పకురా కన్నా. తెలిస్తే నిన్ను వేరే ఇంటికి మార్చేస్తారు," అన్నాను. వాడు సరేనన్నాడు. బతిమాలడం తర్వాతి మాట. వాడు ఎప్పుడు బతిమాలాడో కూడా నాకు సరిగ్గా గుర్తులేదు. ఆరు వారాలుగా ఈ పుస్తకంలో కూడా అబద్ధమే రాశాను. ఇది ఎవరూ చదవరు కదా, ఎవరి కోసం రాశానో మరి.

ముందు వాళ్ళమ్మకి ఫోన్ చేశాను. జుజానా రైళ్ళలో టికెట్లు చూస్తుంది. వారం వారం ఒకరికొకరం ఫోటోలు పంపుకుంటాం, మాట్లాడుకున్నది తక్కువ. ఆమెకి ఇంగ్లిష్ రాదు, నాది మా అమ్మ వంటింట్లో మిగిలిన యుక్రేనియన్. సగం మాటలు కలుస్తాయి. వెనకాల రైలు చప్పుడు.

"హ్లావా," అన్నాను. తల. ఆ మాట ఇద్దరికీ ఇంచుమించు ఒకటే. "మాతూష్. పడ్డాడు. నవంబర్. నా ఇంట్లో. నా తప్పు. నేను దాచాను." ఒక్కొక్క ముక్కా పెట్టాను, అర్థం కాలేదేమోనని మళ్ళీ మళ్ళీ చెప్పాను.

ఆమెకి మొదటిసారే అర్థమైంది. తర్వాత ఫోన్ పెట్టేసింది.

తర్వాత కెంట్‌కి చేశాను. పండగ పూట పిల్లలతో ఉన్నాడు. అంతా విని, "స్లొవాక్ జట్టు డాక్టర్‌తో ఇప్పుడే మాట్లాడతా," అన్నాడు. పెట్టేసే ముందు అన్నాడు: "మూడుసార్లు అడిగాను నిన్ను వెర్నా. మూడుసార్లు."

జనవరి 2

ముప్పై మంది దాకా వచ్చారు. కుర్చీలు చాలక కిటికీల మీద కూర్చున్నారు. నేను వెళ్ళక్కర్లేదన్నాడు ఒరెస్ట్. వెళ్ళాను. నా వెనకే ఆయనా వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

జట్ల పేర్లు టీవీలో వచ్చాయి. మాతూష్ పేరు లేదు. అనారోగ్యం అని ఒక్క ముక్క అన్నాడు వ్యాఖ్యాత.

గది ఊరుకుంటుందా!

"అనారోగ్యమా? రీడ్‌ని చూసి విరేచనాలు పట్టుకుని ఉంటాయి!" అని గోర్డ్ అనగానే నవ్వులు, బల్లలు చరచడం. "మన ఊరి తిండి తిని, మన మంచు రింక్‌లో ఆడి, మొనగాడు ఎదురుపడేసరికి పక్కకి తప్పుకున్నాడు. ఇదిగో." పెద్ద సున్నా గీశాడు నల్లబల్ల మీద. కింద రెండు గీతలు.

నేను లేచాను.

"వాడు తప్పుకోలేదు. నేను తీయించాను," అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. అందుకని చెప్పాను. నవంబర్ నుంచి తలకి దెబ్బతో ఆడుతున్నాడని. నా ఇంటి దీపాలు కడుతూ నా నిచ్చెన మీంచి పడ్డాడని. ఫ్లూ అని అబద్ధం ఆడింది నేనని. టీవీలో జాతీయగీతం వస్తోంది, ఎవరో శబ్దం తగ్గించారు.

"ఏమంది?" అని వాసిల్ మావయ్య గట్టిగా అరిచాడు. "ఏమంటోంది వెర్నా?"

చివరికి బెవ్ వంగి ఆయన చెవిలో చెప్పాల్సి వచ్చింది. ఆయనకి వినపడాలంటే అరవాలి. "పిల్లాడు నిచ్చెన మీంచి పడి తలకి దెబ్బ తగిలిందట మావయ్యా! వెర్నా దాచిందట!"

"దాచిందా?"

"దాచింది!"

అలా రెండుసార్లు విన్నాను నేను చేసిన పని.

గోర్డ్ సుద్దముక్క ఇంకా చేతిలోనే ఉంది. గొంతు తగ్గించి, "నాలుగు రోజులు ఇక్కడే కూర్చుని మేం వాణ్ణి తిడుతుంటే విన్నావు," అన్నాడు.

"ఆ."

"మమ్మల్ని తిట్టనిచ్చావు."

"ఆ."

"నువ్వు కూడా నాలుగు వేశావు వెర్నా."

ఒరెస్ట్ వచ్చి నా కోటు అందించాడు. మెట్లు దిగుతుంటే పైన మొదటి గోల్ పడింది. ఎవరూ అరవలేదు.

జనవరి 3

కెనడా ఆరు ఒకటితో గెలిచిందట.

కిరాణా కొట్లో రీడ్ వాళ్ళమ్మ ఎదురైంది. పాలడబ్బా చేత్తో పట్టుకుని నిలబడిపోయింది. "మావాడు వాణ్ణి మూలలో పట్టుకుని ఉండేవాడు. ఆట అంతే కదా, పట్టుకునేవాడే," అంది. "వాడికేమైనా అయితే మా రీడ్ ఏమైపోయేవాడు? వాళ్ళిద్దరూ ఒకే బస్సులో పక్కపక్క సీట్లలో నిద్రపోతారు వెర్నా. అది ఆలోచించావా?"

లేదు. అది ఆలోచించలేదు.

జనవరి 4

కెంట్ వచ్చాడు. కుర్చీ చూపించినా నిలబడే మాట్లాడాడు. స్వీడన్‌లో పరీక్షలు చేశారట. మెదడు అదిరింది, ఒకసారి కాదు, మొదటిది మానకుండానే చిన్న చిన్నవి ఇంకో రెండు తగిలి ఉంటాయి. ఈ సీజన్ ఇక లేదు. జూన్ గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

ఇకమీద మా ఇంట్లో ఎవర్నీ ఉంచరు. అది చెప్పేటప్పుడు మెట్ల గోడ వైపు చూడకుండా చెప్పాడు. మంచివాడు.

వాడి బట్టలు రెండు పెట్టెల్లో సర్ది ఇచ్చాను.

జనవరి 5

మెసేజ్ పెట్టాను. జవాబు లేదు.

జనవరి 6

పాత పంచాంగం ప్రకారం మా యుక్రేనియన్ల క్రిస్మస్‌కి ముందు రోజు. గోధుమలు నానబెట్టాను, తేనె, గసగసాలు కలిపాను. ఒరెస్ట్ రెండు చెంచాలు తిని చాలన్నాడు. మధ్యాహ్నం బెవ్ వచ్చింది. బూట్లు విప్పి, అడక్కుండానే గిన్నె తెచ్చుకుని, ఎదురుగా కూర్చుని తినింది. నన్ను ఓదార్చలేదు. "అడిగినప్పుడు చెప్పాల్సింది నాకు," అంది ఒక్కటే.

"అవును."

"ఇంకొంచెం పెట్టు."

జనవరి 8

వారపత్రిక వచ్చింది. రీడ్ హాల్వర్సన్, సగటు ఎనిమిదిన్నర. మాతూష్ పేరు పక్కన గోర్డ్ అంకె వేయలేదు. "ఈ ఆటగాడికి మార్కులు వేసే అర్హత మాకు లేదు" అని రాశాడు. మాకు అన్నాడు. వెర్నాకి అని రాయాల్సింది.

జనవరి 10

మాతూష్ వచ్చాడు.

పదకొండింటప్పుడు కెంట్ కారు వాకిట్లో ఆగింది. మంచు మీద ఎండ కళ్ళు పొడుస్తోంది. వాడు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, చేత్తో కారు పట్టుకుంటూ దిగాడు. కెంట్ కారులోనే ఉండిపోయాడు. పది నిమిషాలని వేళ్ళతో చూపించాడు.

వంటింట్లో తెరలు లాగాను. కోటు విప్పకుండానే కూర్చున్నాడు. బరువు తగ్గాడు. టీ పెట్టనా అంటే తల ఊపలేదు, ఊపితే నొప్పేమో. వద్దన్నాడు.

"నిచ్చెన సంగతి ఎందుకు చెప్పావు?" అని అడిగాడు.

"చెప్పకపోతే ఎలారా?"

"నేను చెప్పలేదు తేతా. స్వీడన్‌లో డాక్టర్ తిప్పితిప్పి అడిగాడు. బస్సు దిగుతూ జారానన్నాను. నీ పేరు ఎత్తలేదు."

"నా కోసం ఎవరు దాచమన్నారు?"

"నువ్వే." కోపంగా అనలేదు. ఉన్న మాట అన్నట్టు అన్నాడు. "వేరే ఇంటికి మార్చేస్తారన్నావు కదా. నాకు ఈ ఇల్లు ఇష్టం. మొదటి వారం అందుకే దాచాను. తర్వాత ఆట కోసం."

నేను బల్ల గుడ్డ అంచు సరిచేస్తూ కూర్చున్నాను.

"మొదటి రోజే చెప్పి ఉంటే క్రిస్మస్‌కల్లా తగ్గిపోయేదట. డాక్టర్ అన్నాడు," అన్నాడు. "నాలుగు వారాలు సరిపోయేవట."

ఏం చెప్పను? క్షమించమని అడగాలని పది రోజులుగా మాటలు పేర్చుకున్నాను. అడిగితే సరేలే అనే భారం వాడి మీద పడుతుంది. అడగలేదు. "నేనే చెడగొట్టాను," అన్నాను. "నాకు తెలుసు."

"తెలుసు," అన్నాడు వాడు కూడా.

గడియారం టిక్కుటిక్కుమంటోంది. ఆ చప్పుడుకి వాడి కనుబొమ్మలు ముడిపడటం చూసి, గోడ మీంచి దించి పక్క గదిలో పెట్టి వచ్చాను.

వచ్చేసరికి ఫోన్ తీసి బల్ల మీద నావైపు జరిపి ఉంచాడు.

"అమ్మ పొద్దున్న పెద్ద ఉత్తరం రాసింది. నన్ను ఫోన్ తెర చూడొద్దన్నారు. కెంట్‌కి మా భాష రాదు. నువ్వు చదువు."

"నాకూ రాదు కదరా."

"అక్షరాలు తెలుసుగా. చదువు. నాకు అర్థమవుతుంది."

కళ్ళజోడు పెట్టుకున్నాను. పోస్టాఫీసులో ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ ఉత్తరాలు పంచాను గానీ ఒక్కటీ విప్పి చదవలేదు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మొదలుపెట్టాను. ఎక్కడ నొక్కాలో ఎక్కడ సాగదీయాలో తెలియదు. రెండో వాక్యంలో వాడికి నవ్వొచ్చింది. "ఘోరంగా చదువుతున్నావు తేతా," అన్నాడు. మాట దిద్దాడు. దిద్దినట్టు చదివాను. ఇంకోటి దిద్దాడు.

మూడో వాక్యం నుంచి దిద్దడం ఆపేశాడు.

నేను ఏం చదువుతున్నానో నాకు తెలియదు. మధ్యలో ఒక్క మాట మాత్రం తెలిసింది, మా అమ్మ మాటకి దగ్గరది. ఇంటికి. అది మూడుసార్లు వచ్చింది. బుధవారం అన్న మాట కూడా తెలిసింది. మిగతాదంతా ఆ తల్లి తన కొడుక్కి చెప్పుకున్నది, నా గొంతులోంచి వెళ్ళింది. చివర్లో నా పేరు ఉంది. వెర్నా. దాని ముందేముందో, తర్వాతేముందో అర్థం కాలేదు. ఆగకుండా చదివేశాను. అడగలేదు. వాడూ చెప్పలేదు.

కళ్ళద్దాల కింది నుంచి నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. తుడుచుకోలేదు.

"మళ్ళీ చదువు," అన్నాడు.

మళ్ళీ చదివాను. ఈసారి కొంచెం నయంగా వచ్చింది. బయట కెంట్ హారన్ కొట్టబోయి, వాడి తల గుర్తొచ్చినట్టుంది, దిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మాతూష్ కదల్లేదు. చేతులు కోటు జేబుల్లోనే ఉన్నాయి.

"ఇంకోసారి తేతా," అన్నాడు. "మెల్లగా."

మూడోసారి మొదటి నుంచి మొదలుపెట్టాను.